నడుముకు కిలో ఉక్కు: 1911తో నా అనుభవం

హ్యూస్టన్ ఉక్కపోతలో చొక్కా కింద 1911 పిస్టల్ పెట్టుకుని తిరగడం సుఖమైన పనేం కాదు. జాన్ బ్రౌనింగ్ డిజైన్, 1911లో అమెరికా సైన్యం తీసుకుంది. ఐదంగుళాల బ్యారెల్, ఒళ్ళంతా ఉక్కు, తూటాలు లేకుండానే కిలో దాటుతుంది. అయినా ఆ ట్రిగ్గర్‌కు అలవాటు పడ్డాక ఇంకోటి నచ్చదు.

సాయంత్రానికి ప్యాంటు కుడివైపు జారేది, పిడి చివర చొక్కాలోంచి పొడుచుకొచ్చేది. అందరూ హోల్‌స్టర్ (బెల్టుకు తగిలించే పిస్టల్ ఒర) మార్చమంటారు గానీ, అసలు కిటుకు బెల్టులో ఉంది. రెండు పొరల తోలు కలిపి కుట్టిన, ఒకటిన్నర అంగుళాల గట్టి బెల్టు కట్టాక బరువు నడుం చుట్టూ పంచుకుపోయింది. హోల్‌స్టర్‌ను తుంటి ఎముకకు కాస్త వెనక్కి జరిపి, పిడి ముందుకు వాలేలా పెట్టాను. పిడికి పలచటి పలకలు బిగించాను. వాటికి పాత మరలు సరిపోవు, పొట్టివి వేయాలి, వాటి కింది బుషింగులు (మరలు బిగుసుకునే చిన్న గొట్టాలు) కూడా పొట్టివే. ట్రిగ్గర్ పూర్తిగా కప్పేసే హోల్‌స్టరే వాడాలి, ఇందులో మొహమాటం లేదు.

ఇక తుప్పు. ఒంటికి ఆనే వైపు, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక భాగంలో చెమటకు ఎర్రటి చుక్కలు లేచాయి. సన్నటి స్టీల్ ఊల్‌తో (ఉక్కు పీచు) నూనె వేసి మెల్లగా రుద్దితే పోయాయి. ఇప్పుడు ఇంటికి రాగానే తూటాలు తీసి, నూనె గుడ్డతో తుడుస్తాను.

టెక్సాస్‌లో పిస్టల్ వెంట పెట్టుకు తిరగడానికి 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్స్ తప్పనిసరి కాదు. కానీ హెచ్-1బీ వీసా మీదున్న మనవాళ్ళకు కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు వచ్చాకే ఈ ముచ్చట.