తిరిగొచ్చిన ట్యాబ్‌లో పాత అకౌంట్ తాళం: మేం ఎలా వదిలించుకున్నామంటే

చదువుకునే పిల్లలకీ, ఉద్యోగాలకు అప్లై చేసుకునేవాళ్లకీ కొన్నాళ్లు ట్యాబ్‌లు వాడుకోడానికి ఇచ్చే పథకం మొదలుపెట్టాక, మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది పగిలిన స్క్రీన్లు కాదు, పాత అకౌంట్లు. తిరిగొచ్చిన ట్యాబ్‌ను బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, అంతకుముందు వాడినవాళ్ల గూగుల్ అకౌంట్ అడిగి అక్కడే ఆగిపోయేది. దొంగల చేతికి చిక్కినా పనికిరాకుండా ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన రక్షణ అది. మంచిదే, కానీ పదిమంది చేతులు మారే పరికరానికి పెద్ద టెన్షన్.

ఇప్పుడైతే, ట్యాబ్ తిరిగివ్వడానికి వచ్చినవాళ్లు ఎదురుగా ఉండగానే సెట్టింగ్స్‌లో వాళ్ల అకౌంట్ తీసేయిస్తాం. ఆ తర్వాతే రీసెట్, అదీ సెట్టింగ్స్ నుంచే. ఫొటోలు, సర్టిఫికెట్లు కాపీ చేసుకున్నారా అని ముందే అడుగుతాం, ఎందుకంటే తుడిచేశాక మళ్లీ రావు. కొత్త ట్యాబ్ అయితే స్వాగతం పలికే మొదటి స్క్రీన్ మీద ఒకేచోట 6 సార్లు తట్టి, ట్యాబ్‌లన్నిటినీ ఒకేచోటి నుంచి అదుపు చేసే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం. దాంతో పరికరం అదుపు మన చేతిలో ఉంటుంది.

డిపాజిట్ మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. అది కట్టలేనివాళ్ల కోసమే కదా ఈ పథకం!

ఖాళీగా ఉన్న ట్యాబ్‌లను సగం చార్జింగ్‌తో ఆపి పెడుతున్నాం. నిండా ఎక్కించి నెలల తరబడి ఉంచితే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది.