సరుకు ఓడ సిబ్బంది – 3వ పాఠం: వాచ్ ఎవరిది, ఎలా అప్పగించాలి

డెక్, ఇంజన్, గ్యాలీ (వంటగది) విభాగాలు గత పాఠంలో అయ్యాయి. ఇవాళ డెక్ ఆఫీసర్ల వాచ్ గంటలు, అంటే ఓడని నడిపించే బ్రిడ్జి గదిలో ఎవరు ఏ వేళ డ్యూటీలో ఉంటారో. చాలా ఓడల్లో ఇదే పద్ధతి కాబట్టి కంఠతా పట్టండి: 12–4 సెకండ్ ఆఫీసర్, 4–8 చీఫ్ ఆఫీసర్, 8–12 థర్డ్ ఆఫీసర్. పగలూ అవే, రాత్రీ అవే. చీకటి పడ్డాక లుకౌట్‌కి (చుట్టూ కనిపెట్టి చూడ్డానికి) పక్కన ఒక ఏబీ (అనుభవమున్న డెక్ నావికుడు) ఉండాల్సిందే. అనుభవం తక్కువున్న థర్డ్‌కి 8–12 ఇవ్వడం ఊరికే కాదు, ఆ వేళకి కెప్టెన్ మెలకువగా ఉంటారు.

వాచ్ దిగితే పని అయిపోయినట్టు కాదు. ప్రయాణ ప్లాను, చార్టులు సెకండ్‌వి. లైఫ్‌బోట్లు, మంటలార్పే సామగ్రి థర్డ్‌వి. సరుకు, ఓడ స్టెబిలిటీ (ఒరగకుండా నిలకడ) చూసుకుంటూ బోసన్ (డెక్ నావికుల పెద్ద) చేత డెక్ పనంతా చేయించేది చీఫ్. ముందుగా అలసిపోయేదీ ఆయనే.

అప్పగింతకి పావుగంట ముందే బ్రిడ్జి మీదికి రావాలి, చీకటికి కళ్లు అలవాటు పడాలి కదా. ఓడ స్థానం, కోర్సు (వెళ్లే దిశ), వేగం, చుట్టుపక్కల ఓడలు, కెప్టెన్ రాసిన రాత్రి ఆదేశాలు స్వయంగా చూసుకోవాలి. ‘అంతా బాగానే ఉంది’ అన్న మాట చాలదు. ఇంకో ఓడని తప్పించే మలుపులో ఉంటే, అది పూర్తయ్యేదాకా వాచ్ చేతులు మారకూడదు. వచ్చినవారు తాగి ఉన్నా, ఒంట్లో బాగోకపోయినా మొహమాటపడకుండా కెప్టెన్‌కి ఫోన్ చేయండి.

ఇక విశ్రాంతి లెక్క. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకి మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. లెక్క తప్పేది ఇక్కడే. ఉదాహరణకి, చీఫ్ తన రెండు వాచ్‌లతో (04–08, 16–20) పాటు పొద్దున 9–12 సరుకు కాగితాలు చూసి, రాత్రి 22:00 నుంచి 00:30 దాకా లంగరు దగ్గర నిలబడ్డారనుకోండి. మిగిలింది 1, 4, 2, 3.5 గంటలు. మొత్తం 10.5. కూడితే సరిపోయినట్టే ఉంటుంది, కానీ ఆరు గంటల ముక్క ఒక్కటీ లేదు! కాగితాల పని ఆ రోజుకి మాన్పిస్తే 8–16 మధ్య ఎనిమిది గంటలు వరసగా దొరుకుతాయి. లంగరు పని తర్వాతి 3.5 కలిపితే నియమం నిలుస్తుంది. ఇది ముందురోజే చూసి సర్దాలి. పని అయ్యాక రికార్డులో అంకెలు దిద్దడం తప్పుడు రికార్డు కిందికే వస్తుంది.

అభ్యాసం: సెకండ్ ఆఫీసర్ తన వాచ్‌లు కాక 05:30–08:30 బెర్తింగ్‌కి (ఓడని రేవుకి చేర్చి కట్టడానికి) వెనక డెక్ మీద ఉన్నారు. 24 గంటల పట్టీ గీసి, నియమం నిలిచిందో లేదో తేల్చండి. జవాబు 4వ పాఠం మొదట్లో, ఆ తర్వాత ఇంజన్ రూమ్.