వేరియగేటెడ్ డాగ్‌వుడ్: ఆకు మాడినా, చారలు పోయి ఆకుపచ్చగా మారినా, పూయకపోయినా ఏం చూడాలి

అమెరికాలో నార్త్ కరోలినా, జార్జియా వైపు ఉండే మనవాళ్ళు పెరట్లో చెరోకీ సన్‌సెట్, చెరోకీ డేబ్రేక్ లాంటి వేరియగేటెడ్ డాగ్‌వుడ్‌లు, అంటే ఆకుపచ్చలో తెలుపో పసుపో కలిసిన ఆకులుండే పూల చెట్లు, ఇష్టంగా పెట్టుకుంటారు, తీరా జూలైలో ఆకు మాడగానే తెగులనుకుని స్ప్రే కొనేస్తారు. దయచేసి ఆగండి, ముందు ఎండ, నీళ్ళు, చెట్టు మొదలు చూడండి.

ఆకు అంచులు ఎండిపోతున్నాయా?
ఆకులో తెల్లగా, పసుపుగా ఉన్నచోట పత్రహరితం బాగా తక్కువ, మధ్యాహ్నం ఎండకి ముందు మాడేది అదే. పైగా ఇది అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి, వేర్లు పైపైనే ఉంటాయి, లాన్ మధ్యలో ఒంటరిగా పెడితే తట్టుకోలేదు. పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు కావాలి. చిన్న మొక్కయితే ఆకులు రాలాక తవ్వి మార్చేయొచ్చు. పెద్దదైతే చుట్టూ 2-3 అంగుళాల మల్చ్ (చెక్క పొట్టు, ఎండాకుల్లాంటి కప్పు) వేయండి కానీ కాండానికి ఆనించొద్దు, వానల్లేనప్పుడు వారానికోసారి లోపలిదాకా ఇంకేలా నెమ్మదిగా నీళ్ళు పెట్టండి, రోజూ కాస్త చిలకరిస్తే లాభం లేదు. అక్కడి ఎర్ర బంకమట్టిలో లోతుగా నాటితే వేర్లకి గాలాడదు, కాండం కింద వెడల్పయ్యే చోటు పైకి కనపడేలా మట్టి తీసేయండి.

ఒక కొమ్మకి చారల్లేని ఆకుపచ్చ ఆకులే వస్తున్నాయా?
జబ్బు కాదు, చారలు పోయి మామూలు రూపానికి వెళ్తోందంతే. కానీ వదిలేయకండి, పచ్చ కొమ్మ వేగంగా పెరిగి చారల కొమ్మల్ని కమ్మేస్తుంది. కనపడగానే పుట్టిన చోటికంటా కోసేయండి, అంటు కట్టిన చోటికి కింద నుంచి వచ్చే పిలకల్ని కూడా.

పూలు లేవా?
వచ్చే వసంతం మొగ్గలు ఈ వేసవిలోనే కడతాయి, గుండ్రంగా బొత్తాల్లా ఉంటాయి, శీతాకాలంలో కత్తిరిస్తే అవీ పోతాయి. కత్తిరింపు పూలయ్యాకే. లాన్‌కి వేసే నత్రజని ఎరువు దీని వేర్లకి అందినా ఆకే తప్ప పూత రాదు, మరీ చీకటి నీడైనా అంతే.

ఆకుల మీద తెల్ల బూడిదా?
బూడిద తెగులు. గాలి ఆడేలా కొమ్మలు పలచన చేయండి.

ఊదారంగు అంచున్న మచ్చలొచ్చి, కింది కొమ్మలు ఎండి, చచ్చిన ఆకులు చలికాలంలోనూ వేలాడుతుంటే మాత్రం ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులు కావచ్చు, ఇది చెట్టునే చంపుతుంది. ఎండు కొమ్మలు కోసి, రాలిన ఆకులు ఊడ్చి బయట పారేయండి, ఒక కొమ్మ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి (మొక్కల మీద సలహాలిచ్చే స్థానిక ఆఫీసు) పట్టుకెళ్ళి చూపించి నిర్ధారించుకున్నాకే మందు కొట్టండి.