మంచులో పక్కవాళ్ల ముఖం గమనిస్తుండండి
గడ్డకట్టే చలిలో బయటికెళ్తే ఇద్దరిద్దరు జతగా ఉండి, కాసేపటికోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోండి. ముక్కు, చెవులు, బుగ్గలు పాలిపోయి మైనంలా కనిపిస్తే మంచు కాటు (చలికి చర్మం గడ్డకట్టడం) మొదలైనట్టే. అక్కడ స్పర్శ పోతుంది కాబట్టి వాళ్లకు తెలియదు, పక్కవాళ్లే చెప్పాలి. వెంటనే లోపలికి తీసుకెళ్లండి. రుద్దొద్దు, మంచుతో అయితే అసలే వద్దు (మంచుతో రుద్దమనే పాత సలహా ఇంకా ఎందుకు తిరుగుతోందో!).

మాట ముద్దగా వస్తున్నా, జిప్ పెట్టుకోలేక తడబడుతున్నా, నడక తూలుతున్నా ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కిందికి పడిపోయి ఉండొచ్చు. "నాకేం కాలేదు" అన్నా నమ్మకండి. ఒళ్లు వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే పరిస్థితి ముదిరినట్టు. అంబులెన్స్‌ని పిలిచి, తడి బట్టలు తీసి, దుప్పట్లు కప్పండి. మద్యం మాత్రం పట్టించొద్దు.