ఫైల్‌కి పర్మిషన్ ఉంది, అయినా ‘పర్మిషన్ డినైడ్’ ఎందుకు?

తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే నాకు ఒకటే ఫోన్లు. "అన్నా, సైట్ 403 (చూసే అనుమతి లేదు) అని చూపిస్తోంది. 777 కూడా కొట్టేశాను, అయినా రావట్లేదు." నేను అడిగేది ఒక్కటే: లైనక్స్‌లో ఫైళ్ల వివరాలు చూపించే ఎల్ఎస్ -ఎల్ కమాండ్ కొట్టి మొదటి కాలమ్ చదివావా? అవతల కాసేపు మాట ఉండదు.

ఆ కాలమ్‌లో పది అక్షరాలుంటాయి. మొదటిది రకం: గీత ఉంటే మామూలు ఫైల్, డి అయితే డైరెక్టరీ, ఎల్ అయితే సింబాలిక్ లింక్. మిగతా తొమ్మిదీ మూడేసి చొప్పున ఓనర్‌వి, గ్రూప్‌వి, ఇతరులవి. ఆర్ (చదవడం)కి 4, డబ్ల్యూ (రాయడం)కి 2, ఎక్స్ (నడపడం)కి 1. మూడూ కలిస్తే 7, అంటే 777 అందరికీ అన్నీ ఇచ్చేసినట్టు. లింక్ దగ్గర మాత్రం మోసపోకండి. లైనక్స్‌లో దానికి ఎప్పుడూ తొమ్మిది అక్షరాలూ నిండుగానే కనిపిస్తాయి, వాటికి విలువ లేదు. లింక్ చూపించే అసలు ఫైల్‌ది చూడాలి.

స్క్రిప్ట్ నడవట్లేదు

ఓనర్ మూడక్షరాల్లో ఎక్స్ లేదు. పర్మిషన్లు మార్చే కమాండ్ సీహెచ్‌మోడ్‌తో యూ+ఎక్స్ (ఓనర్‌కి ఎక్స్) కొట్టండి, అయిపోయింది. ఎక్స్ ఉన్నా నడవకపోతే అది పెన్‌డ్రైవ్‌లోనో, నోఎగ్జెక్‌తో (ప్రోగ్రాములు నడవనివ్వని ఆప్షన్) మౌంట్ చేసిన డిస్క్‌లోనో ఉందేమో చూడండి.

ఫైల్ 644 ఉంది, సైట్ మాత్రం 403

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఇండెక్స్ ఫైల్ 644 అంటే ఇతరులకి ఆర్ ఉన్నట్టే. ఎన్జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉబుంటు లైనక్స్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్‌గా నడుస్తుంది కాబట్టి చదవగలగాలి. చదవదు. 777 చేసినా చదవదు.

కారణం ఫైల్‌లో లేదు, దారిలో ఉంది. డైరెక్టరీకి ఎక్స్ అంటే దాన్ని దాటి లోపలికి వెళ్లే హక్కు. ఆర్ అంటే లోపల ఏమేం పేర్లున్నాయో చూసే హక్కు మాత్రమే. దర్శనం టికెట్ చేతిలో ఉన్నా అలిపిరి చెకింగ్ దగ్గర ఆపేస్తే కొండెక్కలేం కదా, ఇదీ అంతే. అన్నిటికన్నా పైనున్న రూట్ డైరెక్టరీ నుంచి ఫైల్ దాకా మధ్యలో ఏ ఒక్క డైరెక్టరీకి ఎక్స్ లేకపోయినా, చివరనున్న ఫైల్‌కి ఎన్ని పర్మిషన్లిచ్చినా వృథా.

పాత ట్యుటోరియల్స్ చూసి చేసేవాళ్లు ఇక్కడే పడతారు. ఉబుంటులో హోమ్ డైరెక్టరీ ఒకప్పుడు 755గా తయారయ్యేది. 21.04 వెర్షన్ నుంచి 750 చేశారు. అంటే డి తర్వాత ఆర్ డబ్ల్యూ ఎక్స్, ఆర్ గీత ఎక్స్, చివర మూడూ గీతలే. కాబట్టి సైట్‌ని హోమ్‌లో పెడితే బయటి యూజర్‌కి గుమ్మం దగ్గరే నో ఎంట్రీ. పైగా సుడోతో (అంటే రూట్ యూజర్ అధికారంతో) చూసుకుంటే అంతా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే రూట్ యూజర్‌ని ఈ తలుపులు ఆపవు.

నేమ్ఐ -ఎల్ అని కొట్టి పూర్తి పాత్ ఇవ్వండి. దారిలో ఉన్న ప్రతి మెట్టుకీ అక్షరాలు వరుసగా చూపిస్తుంది. ఇతరుల ఎక్స్ ఉండాల్సిన చోట ఎక్కడ గీత కనిపిస్తే అక్కడే రోగం. అన్నిటికన్నా మంచి మందు సైట్‌ని హోమ్‌లోంచి తీసి వార్ అనే డైరెక్టరీ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలో పెట్టడం. కుదరకపోతే ఆ ఒక్క డైరెక్టరీకి సీహెచ్‌మోడ్ ఓ+ఎక్స్. 750 కాస్తా 751 అవుతుంది. దాటి వెళ్లొచ్చు, లోపలి జాబితా మాత్రం చూడలేరు.

విసిగిపోయి హోమ్ మొత్తానికి సీహెచ్‌మోడ్ -ఆర్ 777 (పెద్ద ఆర్, లోపలున్న అన్నిటికీ వర్తిస్తుంది) మాత్రం కొట్టకండి. ఒకసారి ఊళ్లోనే ఒక క్లయింట్ సర్వర్ మీద నేనూ కొట్టాను. సైట్ వచ్చింది. మర్నాడు పొద్దున్నే చూస్తే కీతో లాగిన్ అవ్వట్లేదు! హోమ్‌లో ఎవరైనా రాయగలిగేలా ఉంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని నమ్మదు. టెన్షన్‌తో టిఫిన్ కూడా దిగలేదు ఆ రోజు.

పేర్లు కనిపిస్తున్నాయి, పక్కనంతా ప్రశ్నార్థకాలే

డైరెక్టరీకి ఆర్ ఉంది, ఎక్స్ లేదు. ఎవరో -ఆర్ 644 కొట్టి డైరెక్టరీల ఎక్స్ కూడా ఊడగొట్టారు. సుడోతో సీహెచ్‌మోడ్ -ఆర్ కొట్టి, యూ=ఆర్‌డబ్ల్యూఎక్స్,జీఓ=ఆర్‌ఎక్స్ అని ఇవ్వండి. ఇందులో రెండు చోట్లా ఎక్స్ పెద్దక్షరమే ఉండాలి. అప్పుడు డైరెక్టరీలకీ, ముందే ఎక్స్ ఉన్న ఫైళ్లకీ మాత్రమే ఎక్స్ వస్తుంది. చిన్నక్షరం పెడితే ఫొటోలకి కూడా ఎక్స్ వచ్చేస్తుంది.

మిగతావి

గ్రూప్‌లో చేర్చినా పని కాకపోతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఐడీ అని కొడితే గ్రూప్ పేరు కనబడాలి. పది అక్షరాల చివర ప్లస్ ఉంటే ఏసీఎల్ (విడివిడి యూజర్లకి, గ్రూపులకి ఇచ్చే అదనపు పర్మిషన్లు) ఉన్నట్టు, గెట్‌ఎఫ్ఏసీఎల్‌తో చూడండి. ఎక్స్ చోట చిన్న ఎస్, చివర టీ కనిపిస్తే కంగారు వద్దు, అవి కావాలని పెట్టినవే. టెంప్ డైరెక్టరీకి ఆ టీ ఉండబట్టే ఒకరి ఫైల్ ఇంకొకరు తీసేయలేరు. అవే పెద్దక్షరాలుగా కనిపిస్తే కింద ఎక్స్ లేదని అర్థం.

ఇవన్నీ చూశాకా రాకపోతే ఫోన్ చేయండి. నేమ్ఐ అవుట్‌పుట్ టెక్స్ట్‌గా పంపండి, మానిటర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి కాదు.