ఆర్మ్ సిలిండర్ అంటే ఏ సిలిండర్?

మా జేసీబీ బ్యాక్‌హో (ముందు లోడర్, వెనక తవ్వే చేయి ఉండే మెషీన్) వెనక ఆర్మ్ సిలిండర్ ఆయిల్ కారుతోంది, సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే రింగుల సెట్) కావాలని తిరుపతి షాపులో అడిగితే ముందు లోడర్ ఆర్మ్ లేపే సిలిండర్ కిట్ చేతిలో పెట్టారు. తప్పు షాపువాళ్లదీ కాదులెండి. బూమ్ (మెషీన్‌కు తగిలించి ఉండే మొదటి పెద్ద చేయి) చివర నుంచి బకెట్ దాకా ఉండే ముక్కను హిటాచీ, కొమాట్సు ఆర్మ్ అంటాయి, క్యాటర్‌పిల్లర్ స్టిక్ అంటుంది, జేసీబీ డిప్పర్ అంటుంది. జేసీబీ పుస్తకంలో సిలిండర్ కూడా ర్యామ్ అయిపోతుంది. కాబట్టి మనకు కావలసింది డిప్పర్ ర్యామ్ కిట్.

పేరు మీద అడగడం మానేసి, మెషీన్ సీరియల్ నంబర్ ఇచ్చి పార్ట్స్ బుక్‌లో నంబర్ తీయించాం. అంతటితో ఆగకూడదు, పాత మెషీన్లలో సిలిండర్ మార్చేసి ఉంటారు. బకెట్ నేలకు ఆనించి, ఇంజిన్ ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి ప్రెషర్ వదిలాక, వెర్నియర్‌తో రాడ్ మందం కొలవాలి. విప్పాక ట్యూబ్ లోపలి వ్యాసం, పాత సీళ్లు కిట్‌తో సరిచూడాలి. రాడ్‌పై గీత గోరుకు తగిలితే కొత్త సీలూ నిలవదు, ముందు రాడ్ సంగతి చూడండి.

బకెట్‌ను దాని సిలిండర్‌తో కలిపే లింకులదీ ఇదే తంతు, ఒక్కోచోట ఒక్కో పేరు. హెచ్ లింక్ అన్నా టిప్పింగ్ లింక్ అన్నా, ఏ పిన్ ఎక్కడ పడుతుందో ఫొటో తీసి చూపించండి.