వ్యోమనౌక ప్రమాదానికి కారణాన్ని ఊహించడం ఎలా?

2003 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి మన గడియారాల్లో ఏడున్నర కావస్తుండగా, నేలకు దిగడానికి ఇంకా పదహారు నిమిషాలు ఉందనగా, అమెరికా వ్యోమనౌక కొలంబియా టెక్సస్ ఆకాశంలో ముక్కలైపోయింది. కల్పనా చావ్లా సహా ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు. ఆ గంట నుంచే కారణాల గురించి ఊహలు మొదలయ్యాయి. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే దర్యాప్తు కూడా ఊహతోనే మొదలవుతుంది. అయితే పోయినవారి కుటుంబాలు ఆ మాటలను వింటాయన్న ఎరుకతో, ఒక క్రమం ప్రకారం ఊహించాలి. కొలంబియా విషయంలో నిజంగా జరిగిన దర్యాప్తు ఆ క్రమాన్ని స్పష్టంగా చూపుతుంది.

1. ముందుగా కాలక్రమం రాసుకోవాలి

ప్రమాదం కంటికి కనిపించిన క్షణమూ, అది మొదలైన క్షణమూ ఒకటే కానక్కరలేదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ నౌక ఎగిరిన 73 సెకన్లకు ధ్వంసమైంది, కానీ కుడి వైపు బూస్టరు (నౌకను పైకి నెట్టే రాకెట్టు) అతుకు దగ్గర నల్లటి పొగ వెలువడడం మొదటి సెకనులోనే కెమెరాలకు చిక్కింది. అందువల్ల ప్రయోగం నుంచి ప్రమాదం దాకా తెలిసిన ప్రతి సంఘటననూ సమయంతో సహా ఒక పట్టికలో రాసుకోవాలి.

కొలంబియా జనవరి 16న బయలుదేరింది. సుమారు 82 సెకన్లకు బయటి ఇంధన ట్యాంకును కప్పి ఉంచే తేలికైన ఫోమ్ (నురుగు లాంటి పొర) ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. తిరుగు ప్రయాణంలో హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రం మొదట గమనించిన తేడా కూడా ఎడమ రెక్కకు సంబంధించినదే: అక్కడి నాలుగు ఉష్ణోగ్రత సెన్సార్ల నుంచి సమాచారం ఆగిపోయింది. ఈ రెండు విషయాలను పక్కపక్కన చూసినప్పుడు అనుమానం కలగడం సహజమే గాని, అంతమాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేలదు.

2. ప్రతి ఊహకూ అది మిగల్చవలసిన ఆనవాళ్లను జతచేయాలి

ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రామోన్ ఆ నౌకలో ఉన్నందువల్ల ఉగ్రవాద దాడి అని కొందరు అనుమానించారు. అది నిజమైతే, 60 కిలోమీటర్లకు పైగా ఎత్తులో, ధ్వని కంటే దాదాపు 18 రెట్లు వేగంగా పోతున్న నౌకను అందుకోగల ఆయుధం ఒకటి ఉండాలి. భూమి మీద నుంచి అలాంటి దాడి జరిగే అవకాశం కనిపించనందున ఆ ఊహ త్వరగానే పక్కకు పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో తీసిన ఒక ఫోటోలో నౌక జాడ మీద ఊదారంగు మెలిక కనిపించడంతో ఏదో మెరుపు తాకిందని మరికొందరు భావించారు. అది కెమెరా కదలడం వల్ల పడిన గీత కావచ్చని తరువాతి పరిశీలనలో తేలింది. ఏ ఆనవాలు దొరికితే నిలుస్తుందో, ఏది దొరకకపోతే వీగిపోతుందో చెప్పలేని ఊహను పట్టికలోకి రానివ్వకూడదు.

3. "అది అసాధ్యం" అన్న మాటను కూడా లెక్క కట్టి చూడాలి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అవసరమైన దశ ఇది. చేత్తో తేలికగా నలిపేయగల ఫోమ్ ముక్క, వెయ్యిన్నర డిగ్రీలకు పైగా వేడిని తట్టుకునే రెక్క అంచును పగలగొట్టిందంటే నమ్మడం కష్టం. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే నాసా వ్యోమనౌకల కార్యక్రమ బాధ్యులు కూడా బహిరంగంగా ఈ సందేహాన్నే వెలిబుచ్చారు. కానీ అదీ ఒక ఊహే.

ఆ ముక్క బరువు ముప్పావు కిలో. అది తేలికైనది కావడమే ప్రమాదకరమైంది: ట్యాంకు నుంచి ఊడగానే గాలి దాన్ని ఒక్కసారిగా వెనక్కి లాగింది, నౌక మాత్రం అంతకంతకూ వేగం పుంజుకుంటూ వెనుక నుంచి వచ్చి దాన్ని ఢీకొంది. ఆ క్షణాన రెండింటి వేగాల మధ్య తేడా గంటకు సుమారు 800 కిలోమీటర్లు. బడిలో నేర్చుకున్న గతిశక్తి సూత్రంతో లెక్కిస్తే దాదాపు 18,500 జౌల్స్ (శక్తి కొలమానం) వస్తుంది. అంటే టన్ను బరువున్న కారు గంటకు 22 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దినంత శక్తి, అదీ ఒక చిన్న చోట. కాగితం మీద ఈ నాలుగు అంకెలు వేసుకున్నవారికి "ఫోమే కదా" అన్న మాట నోట రాదు.

2003 జూలైలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో వాయువుతో పేల్చే తుపాకీ సాయంతో అలాంటి ముక్కనే నౌకల రెక్క అంచున అమర్చే అసలు కార్బన్ పలక మీదికి విసిరినప్పుడు, అందులో దాదాపు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది.

4. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆధారాలు ఒకే చోటును చూపుతున్నాయా?

ఒక్క పరీక్షతో సరిపెట్టుకోకూడదు. దొరికిన 80 వేలకు పైగా శకలాలను కెనడీ అంతరిక్ష కేంద్రంలోని హ్యాంగరులో నౌక ఆకారంలో పేర్చినప్పుడు, ఎడమ రెక్క అంచున ఎనిమిదో పలక లోపలి వైపు కరిగిన లోహం పేరుకుని కనిపించింది. అంటే వేడి లోపలికి దూరిన చోటు అదే. టెక్సస్‌లోని హెంఫిల్ ఊరి దగ్గర మార్చిలో దొరికిన, నౌకలోని సెన్సార్ల సమాచారాన్ని నమోదు చేసిన రికార్డరు, దాని పక్కనే ఉన్న తొమ్మిదో పలక వెనుక భాగంలో అసాధారణమైన ఒత్తిడి నేల మీద ఎవరూ గమనించకముందే మొదలైందని చూపింది. పాత రాడార్ వివరాలను తిరిగి పరిశీలిస్తే, జనవరి 17న చిన్న వస్తువొకటి (పగిలిన పలక ముక్క కావచ్చు) నౌకను విడిచి దూరమైన సంగతి బయటపడింది. శకలాలు, రికార్డరు, రాడారు వేర్వేరు చేతుల నుంచి వచ్చిన సాక్ష్యాలు. అవి కలిసిన తరువాతే ఊహను నిర్ధారణ అనవచ్చు.

అంతదాకా "కావచ్చు" అనే రాయాలి, రాసిన తేదీ కూడా పక్కన వేయాలి. కొత్త ఆధారం వస్తే పాత మాటను చెరిపేయకుండా దాని కిందనే సవరణ చేర్చాలి.

5. పగిలిన పలక దగ్గర ఆగిపోకూడదు

అడ్మిరల్ హెరాల్డ్ గెమన్ నాయకత్వంలోని దర్యాప్తు మండలి ఆగస్టు 26న ఇచ్చిన నివేదిక, ప్రమాదంలో ఫోమ్‌కు ఎంత పాత్ర ఉందో నాసా పని పద్ధతికీ అంతే పాత్ర ఉందని చెప్పింది. ఫోమ్ రాలడం అంతకుముందు ప్రయాణాల్లోనూ జరిగింది. ఏమీ కాలేదు గనుక, కాలక్రమేణా దాన్ని మరమ్మతు వ్యవహారంగా మాత్రమే చూడడం అలవాటైంది. నౌక కక్ష్యలో ఉండగా రెక్కను ఫోటో తీయించాలని మూడుసార్లు అభ్యర్థనలు వచ్చాయి, కానీ ఫోటోలు తీయలేదు. మొదటి దశలో మీరు రాసుకున్న పట్టికలో జనవరి 16కు, ఫిబ్రవరి 1కి మధ్య ఖాళీగా వదిలిన గడులు ఉంటాయి. ఎవరు అడిగారు, ఎవరు వద్దన్నారు, ఏ కారణం చెప్పారు అన్నవి ఆ గడుల్లో తేదీలతో సహా రాయాలి.